డీప్ ఫ్రీజర్ ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మన ఎండకు, ఉప్పుగాలికి తగిన చోటు

డీప్ ఫ్రీజర్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఏ కంపెనీ, ఎంత ధర అనే వాటి మీదే మన ధ్యాసంతా ఉంటుంది. ఎక్కడ పెట్టాలన్నది బండి గుమ్మం ముందు ఆగాకే గుర్తొస్తుంది. "ప్రస్తుతానికి వసారాలో దించేయండి, తర్వాత చూద్దాం" అంటాం. మూడొందల లీటర్ల ఫ్రీజర్ ఒకసారి నిండిందంటే ఇద్దరు మనుషులు కదపలేని బరువు. ఇక అది దిగిన చోటే ఉండిపోతుంది. అది ఎన్నేళ్లు పనిచేస్తుందో, నెలనెలా కరెంటు బిల్లు ఎంత వస్తుందో చాలావరకు ఆ చోటే తేలుస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎండ ఒక్కటే సమస్య అయితే నీడలో పెట్టి ఊరుకోవచ్చు. ఇక్కడ ఎండతో పాటు ఉక్కపోత ఉంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి ఉంది, అక్టోబరు వస్తే తుఫాను భయం ఉంది. నా మాట ముందే చెప్తాను. కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని, కిటికీ ఉన్న లోపలి గది మీ ఇంట్లో ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, అక్కడే పెట్టండి. అలాంటి గది ఖాళీగా ఉన్న ఇళ్లు తక్కువ కాబట్టి మిగతా చోట్లలో ఏది ఎంతవరకు నయమో వివరంగా చూడాలి.

గది వేడికి, బిల్లుకి ఉన్న లెక్క

ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. గదిలో 30 డిగ్రీలు ఉంటే లోపలికి, బయటికి తేడా 48. అదే గది 40కి చేరితే తేడా 58. అంటే గోడల గుండా లోపలికి చొరబడే వేడి దాదాపు 20 శాతం పెరుగుతుంది. లెక్క అక్కడితో ఆగదు. లోపలి నుంచి లాగిన వేడిని కంప్రెసర్ బయటి గాలిలోకే వదలాలి. ఆ గాలే వేడిగా ఉంటే అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు తాగుతుంది. అందువల్ల బిల్లు 20 శాతం కంటే ఎక్కువే పెరుగుతుంది.

రోజుకి రెండు యూనిట్లు కాల్చే ఫ్రీజర్ వేడి చోట రెండున్నర కాల్చిందనుకుందాం. నెలకి 15 యూనిట్లు అదనం. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకి 225 యూనిట్లు దాటిన ఇంట్లో ఆ పైన 400 దాకా ప్రతి యూనిట్ 8 రూపాయల 75 పైసలు. వేసవిలో ఫ్యాన్లు, ఏసీ నడిచే ఇల్లు ఆ గీత ఎలాగూ దాటుతుంది. నెలకి నూట ముప్పై రూపాయలు పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. నా దృష్టిలో అసలు నష్టం కంప్రెసర్‌ది. కాసేపు తిరిగి కాసేపు ఆగాల్సిన యంత్రం రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్ పోతే అయ్యే ఖర్చు ముందు బిల్లు తేడా ఏపాటిది?

స్టార్ లేబుల్ మీద ఉండే యూనిట్లు ల్యాబులో ఒక నిర్ణీత వేడి దగ్గర కొలిచినవి. మీ వసారాలో మే నెల మధ్యాహ్నం ఆ అంకె వర్తించదు.

కొనేముందు ఫ్రీజర్ వెనక అతికించిన ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ చూడండి. "ఎన్" అని ఉంటే గది వేడి 32 డిగ్రీల వరకు, "ఎస్‌టీ" అయితే 38 వరకు, "టీ" అయితే 43 వరకు తట్టుకునేలా తయారుచేశారని అర్థం. మన జిల్లాలకి "టీ" ఉన్నదే తీసుకోండి. షోరూం వాళ్లు ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పేది తక్కువ, మనమే వంగి చదవాలి. ఇది కూడా ఒక హద్దే అని మాత్రం మరిచిపోవద్దు. రేకుల కింద మధ్యాహ్నం 43 దాటే చోటు ఏ క్లాసుకీ పనికిరాదు.

ఇంకో సంగతి. పైకి మూత తెరిచే చాలా ఫ్రీజర్లలో వేడిని వదిలే గొట్టాలు పక్క రేకుల వెనకే ఉంటాయి. చెయ్యి పెడితే పక్కలు వెచ్చగా, ఒక్కోసారి బాగా వేడిగా తగులుతాయి. కొత్తగా కొన్నవాళ్లు దీన్ని చూసి టెన్షన్ పడతారు. అది లోపం కాదు, దాని పనే అది. అయితే ఆ పక్కలకి గాలి తగలాలి. గోడకీ ఫ్రీజర్‌కీ మధ్య జానెడు కాకపోయినా కనీసం నాలుగు నుంచి ఆరు అంగుళాలు వదలండి. కంపెనీ పుస్తకంలో అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి. అందంగా ఉంటుందని నేల దాకా దుప్పటి కప్పడం, పక్కన బియ్యం బస్తాలు ఆనించడం వేడిని లోపలే బంధించడంతో సమానం.

సామాన్ల గదా, హాలా?

చాలామంది మొదట ఎంచుకునేది సామాన్ల గది. దొంగ భయం ఉండదు, పిల్లలు ముట్టుకోరు, చూపుకి అడ్డం రాదు. కానీ మన ఇళ్లలో సామాన్ల గది అంటే సాధారణంగా కిటికీ లేని చిన్న గది. ఫ్రీజర్ రోజుకి రెండు యూనిట్లు కాలిస్తే సగటున 80 వాట్ల వేడి రాత్రీ పగలూ ఆ గదిలోకి వస్తున్నట్టే. తలుపు మూసి ఉంచిన గదిలో ఆ వేడి ఎక్కడికీ పోదు. గది వేడెక్కుతుంది, ఫ్రీజర్ ఇంకా కష్టపడుతుంది, గది ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి సామాన్ల గది మంచిదే, కానీ పైన వెంటిలేటర్ ఉండాలి, తలుపు కింద గాని జాలీ ద్వారా గాని గాలి లోపలికి రావాలి. వెంటిలేటర్ లేకపోతే తాపీమేస్త్రీని పిలిచి పెట్టించండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఇంకా మంచిది. ఫ్రీజర్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

వెంటిలేటర్ పెట్టించే వీలు లేకపోతే నేను హాలుకే ఓటు వేస్తాను. హాల్లో ఫ్రీజర్ ఉంటే బాగోదని చాలామంది వెనకాడతారు. కానీ ఇంట్లో ఎక్కువసేపు కిటికీలు తెరిచి ఉండేది, ఫ్యాన్ తిరిగేది, నలుగురూ మసిలేది అక్కడే. మనిషి మధ్యాహ్నం పూట కూర్చోగలిగే చోట ఫ్రీజర్ కూడా ఉండగలదు. కరెంటు పోయినా, రబ్బరు సరిగా పట్టక మూత తెరుచుకున్నా వెంటనే తెలుస్తుంది. శబ్దం కొంచెం వస్తుంది, టీవీ నడిచే చోట అది పెద్ద అడ్డంకి కాదు.

వసారా, పోర్టికో: మన ఊళ్లలో ఎక్కువమంది పెట్టేది ఇక్కడే

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటి ముందే కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీం అమ్ముకునేవాళ్లకి, రొయ్యలు, చందువలు తెచ్చి అమ్మేవాళ్లకి వసారానే వీలు. గాలి ధారాళంగా ఆడుతుంది కాబట్టి ఫ్రీజర్ వదిలిన వేడి నిలవదు. ఇది నిజమైన లాభం, కాదనను. అయితే వసారా ఏ దిక్కుకి ఉందన్నదే అంతా తేలుస్తుంది.

పడమటి వసారా అయితే వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి సూర్యుడు దిగే దాకా ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, పైన సన్‌షేడ్ ఉన్నా ఆపలేదు. రోజంతా వేడెక్కిన గచ్చు, గోడ కూడా అప్పటికే సెగలు కక్కుతుంటాయి. తూర్పు వసారాకి పొద్దున్నే ఎండ తగిలినా అప్పటికి గాలి చల్లగానే ఉంటుంది, ఒక వెదురు తడిక కడితే సరిపోతుంది. దక్షిణం వైపు వేసవిలో కంటే చలికాలంలోనే ఎండ ఎక్కువ పడుతుంది, అప్పుడది పెద్ద బాధ కాదు. ఉత్తరం వైపు అన్నిటికంటే నయం. కానీ ఉత్తరానికి అసలు ఎండే రాదనుకోవద్దు. మనం ఉన్న అక్షాంశంలో మే నెల మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికే ఒరుగుతాడు. ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు గోడకీ కాస్త ఎండ తగులుతుంది. రెండు అడుగుల సన్‌షేడ్ ఉంటే మధ్యాహ్నం ఇబ్బంది ఉండదు.

వసారాకి ఇంకో శత్రువు వాన. అల్పపీడనం పట్టిందంటే జల్లు అడ్డంగా కొడుతుంది. కంప్రెసర్ ఉండేది కింది మూలలో, ప్లగ్ ఉండేది గోడకి, రెండూ తడుస్తాయి. గచ్చు కడిగిన నీళ్లు కూడా అక్కడికే చేరతాయి. వసారాలో పెడితే అరడుగు ఎత్తున ఇటుక దిమ్మ కట్టించి, సమంగా ఉందో లేదో లెవెల్ చూసి దాని మీద పెట్టండి. నాగావళి, వంశధార ఒడ్డున పల్లపు వీధుల్లో ఉన్నవాళ్లు గతంలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో గోడ మీద గుర్తు చూసుకుని దిమ్మ ఎత్తు దానికి తగ్గట్టు పెంచుకోండి. ప్లగ్ పాయింట్ మాత్రం నడుము ఎత్తుకి తక్కువ ఉండకూడదు.

సముద్రానికి దగ్గరగా ఉన్న కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు విజయనగరం వైపు చింతపల్లి, కోనాడ లాంటి ఊళ్ల వాళ్లకి వసారా వద్దనే చెప్తాను, ఏ దిక్కు అయినా సరే. అక్కడ మధ్యాహ్నం సముద్రపు గాలి వల్ల వేడి కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ ఆ గాలిలోని ఉప్పుకి రేకు తుప్పు పడుతుంది. కింది అంచులు, మూత కీళ్లు, కంప్రెసర్ దగ్గరి గొట్టాల అతుకులు ముందుగా పోతాయి. గొట్టానికి సన్న చిల్లు పడి గ్యాస్ కారిపోతే, అందులోనూ పక్క రేకుల లోపల పడితే, బాగుచేయడం చాలా కష్టం. తీరం ఊళ్లలో ఇంటి లోపల, సముద్రం వైపు తెరుచుకోని గదిలో పెట్టి, వారానికోసారి తడిగుడ్డతో బయట తుడిచి ఆరబెట్టండి. అమ్మకానికి వసారాలో పెట్టక తప్పనివాళ్లు కనీసం సముద్రం వైపు ఒక అడ్డుగోడ కట్టించుకోవాలి.

తాళం ఉన్నదే కొనమని వేరే చెప్పాలా? అమ్మకానికి కాకపోయినా కొనండి. ఖాళీ ఫ్రీజర్‌లో పిల్లలు దాక్కుంటే ప్రాణాపాయం.

వంటగది, మెట్ల కింద, మేడ మీద

వంటగది వద్దు. పొయ్యి సెగ, పోపు ఆవిరి, గాలిలో తేలే నూనె జిడ్డు, అన్నీ కంప్రెసర్ జాలీకి పట్టుకుని దుమ్ముని అంటించుకుంటాయి. ఇప్పుడొచ్చే చాలా ఫ్రీజర్లలో ఆర్-600ఏ అనే మండే గ్యాస్ వాడుతున్నారు. అది కొద్ది మోతాదులోనే ఉంటుంది, మామూలుగా ప్రమాదం లేదు. అయినా మంట పక్కన పెట్టాల్సిన వస్తువు మాత్రం కాదు. వంటగది పెద్దదై, పొయ్యికి ఎదురు గోడ వైపు కిటికీ పక్కన చోటుంటే సర్దుకోవచ్చు.

మెట్ల కింద చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి అందరి కళ్లూ అటే పోతాయి. ముందు టేపుతో కొలవండి. మూత పూర్తిగా తెరిస్తే చాలా ఫ్రీజర్లు ఐదడుగులు దాటతాయి. మెట్టుకి తగిలి సగమే తెరుచుకుంటే అడుగున ఉన్న సరుకు తీయడం రోజూ ఒక పరీక్షే, మూత కీళ్లూ వదులైపోతాయి. పైగా అక్కడ రెండు వైపులా గోడలే. ఇంటి లోపలి మెట్లయి, ముందు వైపు మొత్తం తెరిచి ఉంటేనే ఆలోచించండి. బయటి మెట్ల కింద అయితే వసారాకి చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి.

మేడ మీద గది గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. పగలంతా ఎండకి కాలిన శ్లాబు రాత్రి పది దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. అంటే కింది గదిలో ఫ్రీజర్‌కి రాత్రి దొరికే విశ్రాంతి పై గదిలో దొరకదు. మే నెలలో రాత్రి పూట మనుషులే ఆ గదిలో పడుకోలేక డాబా మీదకి వెళ్తారు. పై పోర్షన్‌లో అద్దెకి ఉంటూ వేరే దారి లేనివాళ్లు, ఇంటివాళ్లని అడిగి శ్లాబుకి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గాని సున్నం గాని వేయించండి. ఫ్రీజర్‌ని పడమటి గోడకి దూరంగా, గది మధ్య వైపు గాలి తగిలేలా పెట్టండి.

సిమెంటు రేకుల షెడ్డు అన్నిటికంటే అధ్వానం. తప్పదంటే రేకుల కింద సీలింగ్ వేయించి, ఎదురెదురు గోడలకి జాలీలు పెట్టించాలి. ఉద్దానం వైపు కొబ్బరాకులకి కొదవ లేదు, రేకుల మీద ఆకులు పరిస్తే లోపలి వేడి బాగా తగ్గుతుంది. కరెంటు తీగలు ఆ ఆకులకి తగలకుండా మాత్రం చూసుకోండి.

పెంకుటిల్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులనే అనాలి. పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది, మట్టిగోడలు మధ్యాహ్నానికీ చల్లగానే ఉంటాయి, మధ్య గది ఫ్రీజర్‌కి చక్కటి చోటు. అక్కడ చూసుకోవాల్సినవి రెండు. ఒకటి ఎలుకలు. కంప్రెసర్ వెచ్చదనానికి వెనక చేరి వైర్లు కొరుకుతాయి, వెనక జాలీకి సన్న ఇనుప వల కట్టండి, గాలి ఆడేలా. రెండోది పాత వైరింగ్. ఎర్తింగ్ లేని ఇంట్లో ఇనుప పెట్టెకి కరెంటు పెట్టకూడదు. ముందు ఎర్త్ గొయ్యి తవ్వించి, ఆ తర్వాతే ఫ్రీజర్ తెప్పించుకోండి.

ఏసీ ఉన్న పడకగదిలో పెడదామా అని అడుగుతారు. చల్లగా ఉంటుంది నిజమే, కానీ ఏసీ రాత్రే నడుస్తుంది, ఫ్రీజర్‌కి కష్టం మధ్యాహ్నం. రాత్రి అది వదిలే వేడిని బయటికి పంపడానికి ఏసీ కూడా అదనంగా తిరగాలి. ఫ్రీజర్‌కి ఏసీ అవసరం లేదు, నీడా గాలీ చాలు.

కరెంటు సంగతి చూడకుండా చోటు ఖాయం చేయొద్దు

చోటు బాగుండి ప్లగ్ దూరంగా ఉంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించడం మనకి అలవాటు. ఫ్రీజర్‌కి ఆ పని చేయొద్దు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్న వైరు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. ఎంచుకున్న చోటికి బోర్డు నుంచి వేరే లైన్ లాగించండి. మోటారుతో గాని వాషింగ్ మెషీన్‌తో గాని ఒకే స్విచ్చు మీద ఉంచకండి. పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంటే స్టెబిలైజర్ తప్పనిసరి, పోయిన కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి ఇచ్చే రకం తీసుకోండి.

మన వైపు తుఫాన్లని లెక్కలో పెట్టుకోకుండా ఫ్రీజర్ కొనడం తగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు కూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం వాళ్లకి ఆ రోజులు ఇంకా గుర్తే. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకుండా ఉంచితే సుమారు 48 గంటలు, సగం నిండితే 24 గంటలు సరుకుని కాపాడుతుందని లెక్క. ఇక్కడా చోటుదే మాట. చల్లటి లోపలి గదిలో ఆ గంటలు నిలుస్తాయి, ఎండ తగిలే వసారాలో తగ్గుతాయి. ఖాళీ ఉన్నచోట నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి పెట్టండి, అవి గడ్డకట్టి చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. జనరేటర్ తెచ్చుకునే అవకాశం ఉన్నవాళ్లు దాన్ని బయటే నడపాలి, కాబట్టి ఫ్రీజర్ ఉన్న గది కిటికీ నుంచి వైరు అందేలా చూసుకోండి. జనరేటర్‌ని మాత్రం కిటికీకి దూరంగా పెట్టండి, దాని పొగ ఇంట్లోకి వస్తే ప్రాణాంతకం.

తరచూ ఊళ్లు వెళ్లేవాళ్లకి ఒక సులువైన పద్ధతి. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. గడ్డలో మునిగి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, చేపలు, రొయ్యలు, మాంసం పారేయాల్సిందే.

తేల్చుకోవడం ఎలా?

రెండు చోట్ల మధ్య ఊగిసలాడుతుంటే అంచనాలొద్దు, కొలవండి. గది థర్మామీటర్ ఒకటి కొని, మధ్యాహ్నం మూడింటికి ఒక చోట, మర్నాడు అదే వేళకి ఇంకో చోట పెట్టి చూడండి. రాత్రి తొమ్మిదింటికి కూడా చూడండి, శ్లాబు వేడి అప్పుడే బయటపడుతుంది. రెండిటిలో మూడు నాలుగు డిగ్రీల తేడా వస్తే చల్లటి చోటే తీసుకోండి, వంటగదికి పది అడుగులు దూరమైనా సరే. తేడా ఒక డిగ్రీ లోపే అయితే గాలి ఎక్కడ ఆడుతుందో, ప్లగ్ ఎక్కడ ఉందో చూసుకుని నిర్ణయించండి.

ఏడాదికోసారి సువర్ణరేఖ మామిడి గుజ్జు, పనస తొనలు, జీడిపప్పు దాచుకునే ఇంటికి రోజూ తెరిచే పని ఉండదు. అలాంటివాళ్లు దూరమని చూడకుండా అన్నిటికంటే చల్లటి గదిని ఎంచుకోవాలి. రోజూ చేపలమ్మే ఇంటికి మూత పదేపదే తెరవక తప్పదు, ఉక్కపోత గాలి లోపలికి వెళ్లి మంచు త్వరగా పేరుకుంటుంది. మంచు పావు అంగుళం దాటకముందే కరిగించి తీసేయాలి. అప్పుడు కింది రంధ్రం బిరడా తీసి నీళ్లు వదలాలి కాబట్టి ఆ వైపు గోడకి ఆనించకండి, నీళ్లు పెరటి వైపు పారే వాలు ఉన్న గచ్చు అయితే పని సులువు.

చోటు ఖాయమయ్యాక గుమ్మం వెడల్పు కూడా కొలవండి. పాత ఇళ్ల గుమ్మాలు రెండున్నర అడుగులే ఉంటాయి. ఫ్రీజర్‌ని పక్కకి పడుకోబెట్టి లోపలికి తీసుకెళ్లాల్సి వస్తే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్చు వేయండి, కంప్రెసర్ నూనె తిరిగి కిందికి చేరాలి. ఖాళీగా నడిపి మైనస్ 18కి చేరాక సరుకు కొంచెం కొంచెంగా పెట్టండి.